మూడు వేళ్ల స్లాత్: గోధుమరంగు గొంతుదా, లేతరంగు గొంతుదా? ఫోటో చూసి ఎలా తేల్చాలి?

ఓడ_ఇంజినీర్ (ప్రశ్న)

అందరికీ నమస్కారం. నేను సరుకు ఓడల్లో ఇంజినీర్‌గా పనిచేస్తాను. ఓడ రేవులో ఆగి ఒకటి రెండు రోజులు ఖాళీ దొరికితే కెమెరా తీసుకుని దగ్గర్లో ఉన్న అడవికి వెళ్లిపోతాను. పన్నెండేళ్లలో అలా చాలా ఫోటోలు పోగయ్యాయి. ఇప్పుడు సెలవులో ఉన్నాను కాబట్టి వాటిని మా అమ్మాయి కోసం ఒక ఆల్బమ్‌గా చేస్తున్నాను. ప్రతి ఫోటో కింద జంతువు పేరు, చోటు, తేదీ రాస్తున్నాం. తనకి తొమ్మిదేళ్లు. నేను ఏం రాస్తే అదే నిజమని గుర్తుపెట్టుకుంటుంది. అందుకే తప్పు రాయకూడదని నా పట్టుదల.

పక్షులన్నీ తేలిపోయాయి. చెట్ల కొమ్మలకి వేలాడుతూ చాలా మెల్లగా కదిలే స్లాత్ అనే జంతువుల దగ్గరే ఆగిపోయాం.

నా దగ్గర రెండు చోట్ల తీసినవి ఉన్నాయి. మొదటివి 2017లో పనామాలో తీశాను. కాలువ పక్కనే గంబోవా అని ఒక చిన్న ఊరు ఉంది, దాన్ని ఆనుకుని సొబెరానియా నేషనల్ పార్కు. అప్పుడే వాన వెలిసింది. సెక్రోపియా చెట్టు మీద, మూడంతస్తుల ఎత్తులో కొమ్మకి అతుక్కుని ఒకటి కనపడింది. దాని వీపు నా వైపు ఉంది. రెండు భుజాల మధ్య నారింజ రంగులో అరచేతంత మచ్చ, దాని మధ్యలో నిలువుగా నల్లటి గీత. నేను లెన్స్ సరిచేసుకునేలోపు అది కాళ్లూ చేతులూ కదపకుండా తల ఒక్కటే వెనక్కి తిప్పి నన్ను చూసింది. వీపూ, ముఖమూ ఒకే ఫోటోలో పడ్డాయి.

రెండోవి 2022 ఆగస్టులో సురినామ్‌లో తీసినవి. మా ఓడ రిపేరుకి ఆగితే పారామరిబోలో తొమ్మిది రోజులు ఉన్నాం. జాండెరై విమానాశ్రయం వైపు కారులో వెళ్తుంటే డ్రైవర్ సడన్‌గా బ్రేక్ వేశాడు. రోడ్డు మీద స్లాత్ పాకుతోంది. కడుపు నేలకి ఆనించి, ముందు చేయి చాపి, గోళ్లతో తారు మీద పట్టు దొరక్క, మళ్లీ చాపి. చూస్తుంటే నాకే ఊపిరాడలేదు. డ్రైవర్ ఒక పొడవాటి కర్ర తెచ్చి దాని ముందు పెట్టాడు. అది కర్రని పట్టుకుంది. కర్రతో సహా ఎత్తి పక్కన చెట్టు మొదట్లో ఆనించాడు. చెట్టు తగలగానే కర్ర వదిలి ఎక్కడం మొదలుపెట్టింది. నేను రెండడుగుల దూరంలో ఉన్నాను. వీపు మీద నారింజ మచ్చ లేదు, జుట్టు మాత్రం అక్కడక్కడా పచ్చగా నాచు పట్టినట్టు ఉంది.

ఈ రెండూ ఒకే జంతువు అనుకుని "మూడు వేళ్ల స్లాత్" అని రాసేశాను. మా అమ్మాయి రెండు ఫోటోలూ పక్కపక్కన పెట్టుకుని, "ఇవి వేరు నాన్నా, ఒకదానికి మచ్చ ఉంది, ఒకదానికి లేదు. ఇంకా దీని గొంతు తెల్లగా ఉంది" అంది. వెతికితే మూడు వేళ్ల వాటిలో గోధుమరంగు గొంతు స్లాత్, లేతరంగు గొంతు స్లాత్ అని రెండు దగ్గరి జాతులున్నాయని తెలిసింది. కానీ ఒక చోట ఒకదాని ఫోటో, ఇంకో చోట అదే ఫోటో కింద రెండో పేరు. ఏది నమ్మాలో తెలియట్లేదు.

నారింజ మచ్చ ఉన్నది ఒక జాతి, లేనిది ఇంకో జాతి అని రాసుకోవచ్చా? ఆ పచ్చదనానికి ఏమైనా లెక్క ఉందా? ఇంకెక్కడ చూడాలి? దయచేసి తెలిసినవాళ్లు చెప్పండి.


కొమ్మ_చివర

ముందు ముందుచేతి వేళ్లు లెక్కపెట్టండి సార్. రెండు చోట్లా రెండు వేళ్ల స్లాత్‌లు కూడా ఉంటాయి. వెనక కాళ్లు చూస్తే లాభం లేదు, స్లాత్‌లన్నిటికీ వెనక మూడే. ముందు రెండు గోళ్లే ఉండి, మూతి పొడవుగా, తోక కనపడకుండా ఉంటే అది వేరే కుటుంబం, మీ ప్రశ్నే మారిపోతుంది.


మల్లెతీగ

చిన్న సందేహం. మనం దేవాంగపిల్లి అంటామే, అదీ ఇదీ ఒకటేనా? చాలా చోట్ల స్లాత్‌కి అదే పేరు రాయడం చూశాను.


పాత_డ్రాయర్లు

మల్లెతీగ గారూ, ఒకటి కాదండి. దేవాంగపిల్లి అంటే లోరిస్. అది కోతుల వైపు బంధువు, భారత్, శ్రీలంక అడవుల్లో రాత్రిపూట పురుగుల్ని వేటాడుతుంది. స్లాత్ మధ్య అమెరికా, దక్షిణ అమెరికా అడవులది, దాని దగ్గరి చుట్టాలు చీమలు తినే యాంట్ఈటర్లు. రెండూ మెల్లగా నడుస్తాయని పేరు కలిపేస్తున్నారు. స్లాత్‌ని స్లాత్ అని రాసుకోవడమే మంచిది.

ఇక ఓడ ఇంజినీర్ గారూ, మీ ప్రశ్న చదివి ఈ రాత్రే జవాబు రాయాలని కూర్చున్నాను. నేను కొన్నేళ్లు ఒక మ్యూజియంలో క్షీరదాల విభాగంలో పనిచేశాను. డ్రాయర్లలో వరసగా చర్మాలు, ఒక్కోదాని కాలికి దారంతో కట్టిన చీటీ. నా పని ఆ చీటీలు సరిచూడటం. మూడు వేళ్ల స్లాత్‌ల డ్రాయర్ తీసిన మొదటి వారం నాకూ మీలాగే అయింది. పాత చీటీల మీద సగానికి పైగా "ట్రైడాక్టిలస్" అనే ఉంది, మధ్య అమెరికా నుంచి వచ్చినవాటి మీద కూడా.

దానికి కారణం పేర్లలోనే ఉంది. 1758లో లినేయస్ అనే స్వీడన్ శాస్త్రవేత్త రెండు స్లాత్‌లకి పేర్లు పెట్టాడు. ఒకటి రెండు వేళ్లది, ఒకటి మూడు వేళ్లది. మూడు వేళ్లదాన్ని బ్రాడిపస్ ట్రైడాక్టిలస్ అన్నాడు. బ్రాడిపస్ అంటే నెమ్మది పాదం, ట్రైడాక్టిలస్ అంటే మూడు వేళ్లు. ఇప్పుడు మనం లేతరంగు గొంతు స్లాత్ అంటున్నది ఇదే. గోధుమరంగు గొంతుదానికి బ్రాడిపస్ వేరియెగేటస్ అని 1825లో షింజ్ అనే శాస్త్రవేత్త పేరు పెట్టాడు. కానీ చేతిలో ఏ మూడు వేళ్ల స్లాత్ ఉన్నా "మూడు వేళ్లు" అనే పేరు సరిగ్గా సరిపోతుంది కదా! అందుకే చాలామంది దాన్నే రాసేశారు. అది చాలదన్నట్టు మధ్య అమెరికావాటికి ఇన్ఫస్కేటస్ అని, గ్రీసియస్ అని వేరే పేర్లు కూడా నడిచాయి. మీరు వెళ్లిన పనామా కాలువలోనే, గటూన్ సరస్సు మధ్య బరో కొలరాడో అని దీవి ఉంది. అక్కడి స్లాత్‌ల మీద 1970లలో వచ్చిన మంచి పరిశోధనల్లో వాటి పేరు ఇన్ఫస్కేటస్ అనే కనపడుతుంది. అవి గోధుమరంగు గొంతు స్లాత్‌లే. 2011లో బ్రెజిల్ పరిశోధకులు ఈ రెండు జాతుల్నీ మళ్లీ మొదటి నుంచి పరిశీలించి, పేర్ల తికమక ఇంకా తీరలేదని రాశారు. కాబట్టి ఒకే ఫోటో కింద రెండు పేర్లు కనపడ్డాయంటే నాకు ఆశ్చర్యం లేదు.

ఇప్పుడు మీ నారింజ మచ్చ. అది జాతి గుర్తు కాదండి, మగ గుర్తు. పెరిగిన మగవాటికి రెండు భుజాల మధ్య ఒక చోట పొడవాటి ముతక జుట్టు ఉండదు. లోపలి పొట్టి మెత్తటి జుట్టు బయటికి కనపడుతుంది, పసుపు నుంచి నారింజ వరకు రంగు, మధ్యలో నల్లటి గీత. దీన్ని స్పెక్యులమ్ అంటారు. గోధుమరంగు గొంతు మగవాటికీ ఉంటుంది, లేతరంగు గొంతు మగవాటికీ ఉంటుంది. మీ గంబోవాది మగ స్లాత్ అని ఆ మచ్చ చెప్తోంది, అంతే. సురినామ్‌ది ఆడదైనా కావచ్చు, ఇంకా పెరగని మగదైనా కావచ్చు. డ్రాయర్లో చర్మాలు బోర్లా పడుకోబెట్టి ఉంటాయి కాబట్టి మొదట కంట్లో పడేది ఆ మచ్చే. నేనూ మొదటి రోజు మచ్చ ఉన్నవి ఒక వైపు, లేనివి ఒక వైపు పెట్టుకున్నాను. తీరా చీటీలు చూస్తే అలా విడిపోయింది ఆడా మగా, జాతులు కాదు.

పచ్చదనానికీ జాతికీ సంబంధం లేదు. మూడు వేళ్ల స్లాత్ జుట్టుని భూతద్దం కింద చూస్తే అడ్డంగా సన్నటి పగుళ్లు కనపడతాయి. వాన నీళ్లు ఆ పగుళ్లలోకి దిగుతాయి, అక్కడ నాచు పెరుగుతుంది. వానాకాలంలో ఎక్కువ పచ్చగా, ఎండాకాలంలో తక్కువగా ఉంటుంది.

తల వెనక్కి తిప్పిందని రాశారు చూశారా, అది చదివి నాకు చాలా సంతోషమేసింది. మనకీ ఏడు మెడ పూసలే, జిరాఫీకీ ఏడే. మూడు వేళ్ల స్లాత్‌లకి మాత్రం ఎనిమిదో తొమ్మిదో ఉంటాయి. అందుకే ఒంటిని కదపకుండా తల అంత దూరం తిప్పగలవు. ఇది కూడా రెండు జాతులకీ ఒకటే.

మరి తేడా ఎక్కడ? ముఖమూ, గొంతూ. గోధుమరంగు గొంతుదానికి ముఖం మధ్యలో తెల్లగా, లేతగా ఉంటుంది కానీ కళ్ల కింద నుంచి చెంపల వైపు ముదురు పట్టీ సాగుతుంది, కాటుక చెరిగి పక్కకి జారినట్టు. నుదురు గోధుమరంగు. గడ్డం దాటి కిందికి వస్తే గొంతు కూడా గోధుమరంగే. అంటే లేతరంగు ముఖం చుట్టూ ముదురు అంచు కట్టినట్టు ఉంటుంది. లేతరంగు గొంతుదానికి ముఖం పసుపు కలిసిన మీగడ రంగు. ఆ రంగు గడ్డం దగ్గర ఆగదు, గొంతు మీదకి అలాగే దిగిపోతుంది. కాటుక పట్టీ అంత కొట్టొచ్చినట్టు కనపడదు. ఒళ్లు కూడా మొత్తంగా చూస్తే నలుపు కలిసిన బూడిద రంగు మీద లేత మచ్చలు. గోధుమరంగు గొంతుది బూడిద, గోధుమ కలిసిన రంగు. కానీ ఒంటి రంగుని నేను నమ్మను. వేరియెగేటస్ అంటేనే రంగురంగులది అని అర్థం. హోండురాస్ నుంచి బ్రెజిల్ దక్షిణ భాగం దాకా అంత విశాలమైన చోట బతికే జంతువు కదా, చోటు మారితే రంగు కూడా మారుతుంది, దానిలో ఏడు ఉపజాతులు చెప్తారు. సైజు కూడా పనికిరాదు, రెండూ మామూలుగా నాలుగైదు కిలోల జంతువులే.

కాబట్టి మీ ఆల్బమ్‌లో మీరు రాసుకున్న మూడు విషయాల్లో అన్నిటికన్నా గట్టి సాక్ష్యం జంతువు ఒంటి మీద లేదు, మీరు రాసిన చోటులో ఉంది. లేతరంగు గొంతు స్లాత్ ఉండేది గయానా ప్రాంతంలో. వెనిజులాలో ఒరినోకో నదికి దక్షిణాన, గయానా, సురినామ్, ఫ్రెంచ్ గయానా, బ్రెజిల్‌లో అమెజాన్‌కి ఉత్తరాన, రియో నీగ్రోకి తూర్పున. గోధుమరంగు గొంతుది మధ్య అమెరికా, ఆండీస్ దగ్గరి దేశాలు, అమెజాన్‌కి దక్షిణం, పడమర. పనామా ప్రధాన భూభాగంలో మూడు వేళ్లది అంటే గోధుమరంగు గొంతుదే. సురినామ్‌లో మూడు వేళ్లది అంటే లేతరంగు గొంతుదే. మీ అమ్మాయి చూసిన తెల్ల గొంతు సరైన గుర్తు. మచ్చ విషయంలో మాత్రం తనకి చెప్పండి, అది నాన్న స్లాత్‌లకి ఉండే మచ్చ అని.

ఆ సురినామ్ ఫోటోలో గొంతు స్పష్టంగా కనపడుతోందా? ఒకసారి పెద్దది చేసి చూసి రాస్తారా?


ఓడ_ఇంజినీర్

చాలా థాంక్సండి. మీరు రాసింది పెద్దగా చదివి మా అమ్మాయికి వినిపించాను. ఇద్దరం కంప్యూటర్ ముందు కూర్చుని అన్ని ఫోటోలూ మళ్లీ చూశాం.

ముందు వేళ్లు లెక్కపెట్టాం. రెండు చోట్లా మూడే.

గంబోవా ఫోటోలో ముఖం పక్కకి తిరిగి ఉంది కానీ మీరన్న కాటుక పట్టీ చాలా బాగా కనపడుతోంది. కంటి మూల నుంచి చెవి ఉండాల్సిన చోటు దాకా వెళ్లింది. నుదుటి మీద జుట్టు ముదురుగా, తడిసి ముద్దలు కట్టి ఉంది. గొంతు కొమ్మ వెనక ఉంది, సగమే కనపడుతోంది, ఆ సగం గోధుమరంగు.

సురినామ్‌ది చెట్టు ఎక్కుతున్నప్పుడు కింద నుంచి తీసింది ఒకటుంది. గడ్డం పైకెత్తి ఉంది. ముఖం ఎండిన గడ్డి రంగు, గొంతూ అదే రంగు, మధ్యలో గీత లేదు, ఛాతీ దగ్గర్లో ఎక్కడో మెల్లగా బూడిద రంగులో కలిసిపోయింది. ఇన్నాళ్లూ అది కింద నుంచి పడ్డ వెలుతురు అనుకున్నాను.

రెండు సందేహాలు మిగిలాయి. ఒకటి, సురినామ్‌లో తీసిన ఇంకో ఫోటో ఉంది. స్లాత్ కొమ్మ మలుపులో ఉండలా ముడుచుకుని పడుకుంది. తల ఛాతీలోకి దూర్చేసింది, ముఖమూ లేదు గొంతూ లేదు, వేళ్లు కూడా ఒక చేతివే కనపడుతున్నాయి. దాని కింద ఏం రాయాలి?

రెండోది మా అమ్మాయి అడిగింది. స్లాత్‌లు బాగా ఈదుతాయని నేనే తనకి చెప్పాను. పనామాలో గైడ్ కూడా అదే చెప్పాడు. ఈత వచ్చిన జంతువుకి నది ఎలా అడ్డమవుతుంది అని అడుగుతోంది. నేను ఏం చెప్పాలో తోచక ఇక్కడ అడుగుతానన్నాను.


కొమ్మ_చివర

ముడుచుకున్న ఫోటో గురించి నేను చెప్తాను. నేను కోస్టారికాలో ఒక పునరావాస కేంద్రంలో ఆరు నెలలు వాలంటీర్‌గా ఉన్నాను. అక్కడ ఉన్నవన్నీ గోధుమరంగు గొంతువీ, రెండు వేళ్లవీ. ఆరు నెలల్లో నేను ఎక్కువ చూసింది మీరు చెప్పిన ఆ ఉండనే. తడి జుట్టు ఆరేదాకా, చలిగా ఉన్నప్పుడు అలా ముడుచుకుంటాయి. వాటి ఒంటి వేడి మనలాగా ఒకే చోట నిలవదు, చుట్టూ ఉన్న గాలిని బట్టి కొన్ని డిగ్రీలు పెరుగుతుంది, తగ్గుతుంది. అందుకే పొద్దున ఎండ పడే కొమ్మకి వచ్చి కూర్చుంటాయి.

అయితే ముడుచుకుని ఉన్న ప్రతిదీ నిద్రపోతున్నట్టు కాదు. జంతుప్రదర్శనశాలల్లో రోజుకి పదిహేను గంటలకి పైగా పడుకుంటాయని రాసేవారు. 2008లో పనామా అడవిలో గోధుమరంగు గొంతువాటి తలకి చిన్న పరికరాలు పెట్టి మెదడు తరంగాలు రికార్డు చేస్తే రోజుకి 9.6 గంటలే తేలింది. ఆల్బమ్‌లో "నిద్రపోతున్న స్లాత్" అని రాసే ముందు ఇది గుర్తుంచుకోండి. నాకు ఈ విషయంలో చాలా బాధ ఉంది, వాటిని బద్ధకానికి గుర్తుగా వాడేస్తుంటారు. ఆకు తప్ప ఇంకేమీ దొరకని చోట, ఆ ఆకు అరగడానికి రోజులు పట్టే కడుపుతో, శక్తిని అంత జాగ్రత్తగా ఖర్చు పెట్టుకుంటూ బతకడం చిన్న విషయం కాదు. నేను పాలు పట్టిన ఒక పిల్ల ఉండేది. అరచేతిలో పట్టేంత. నా వేలు పట్టుకుంటే విడిపించుకోవడానికి ఒక్కో గోరు విడిగా తీయాల్సి వచ్చేది. మెలకువగా ఉన్నంతసేపూ చుట్టూ ఉన్న ప్రతి ఆకునీ ముక్కుతో చూసేది.

పేరు విషయానికొస్తే, సురినామ్ అని మీకు ఖాయంగా తెలుసు, ముందుచేతికి మూడు గోళ్లు కనపడుతున్నాయి. ఆ రెండూ చాలు, లేతరంగు గొంతు స్లాత్ అని ధైర్యంగా రాయొచ్చు. అదే బ్రెజిల్‌లోని మనావుస్ నగరం చుట్టుపక్కల తీసిన ఫోటో అయి ఉంటే నేను రాయొద్దనేవాడిని. అక్కడ రెండు జాతుల హద్దులూ కలుస్తాయి. పెంచుకోవడానికి పట్టుకుని తర్వాత వదిలేసినవి కూడా ఉంటాయి. అలాంటి చోట ముఖమూ గొంతూ కనపడితేనే పేరు పెట్టాలి.

ఇంకొకటి, రోడ్డు దాటించిన మీ డ్రైవర్ చేసిన పని సరైనదే. చేత్తో పట్టుకోకుండా కర్ర అందించడమే దానికి తక్కువ భయం. అది కింద ఎందుకు ఉందో కూడా అమ్మాయికి చెప్పండి. ఒకటి, వారానికి ఒకసారి మలవిసర్జనకి చెట్టు దిగుతాయి. రెండు, కొమ్మకీ కొమ్మకీ మధ్య దారి తెగిపోతే నేల మీద నుంచే వెళ్లాలి. జాండెరై రోడ్డు మీద కనపడిందంటే రెండోదే ఎక్కువ నమ్మదగింది. పారామరిబో దగ్గర 2012లో ఒక చిన్న అడవి ముక్క కొట్టేస్తుంటే, కొన్ని స్లాత్‌లే ఉంటాయనుకుని వెళ్లిన రక్షకులు 200కు పైగా జంతువుల్ని తీసుకొచ్చి వేరే అడవిలో వదలాల్సి వచ్చింది. అంత చిన్న చోట అన్ని ఉన్నాయని ఎవరికీ తెలియలేదు. ఆకుల మధ్య అవి మన కంటికి ఎంత కనపడవో చూడండి.


పాత_డ్రాయర్లు

నది ప్రశ్న అడిగిన అమ్మాయికి నా తరఫున ముద్దు పెట్టండి. అదే అసలు ప్రశ్న.

ఈదుతాయి, నిజమే. నేల మీద కన్నా నీళ్లలోనే చురుగ్గా కదులుతాయి. ముందుచేతులు పొడవు కాబట్టి వాటితో తోసుకుంటూ పోతాయి. అడవిలోకి వరద నీళ్లు వచ్చినప్పుడు, చిన్న పాయలు దాటేటప్పుడు ఈత వాటికి మామూలు పని. కానీ అమెజాన్ చాలా చోట్ల కొన్ని కిలోమీటర్ల వెడల్పు, నీటి వడి ఎక్కువ. ఎప్పుడో ఒకటి కొట్టుకుపోయి అవతలి ఒడ్డు చేరిందే అనుకోండి, ఒంటరిగా అక్కడ ఏం చేస్తుంది? దానికి జోడీ కావాలి. ఆడది ఏడాదికి మహా అయితే ఒక్క పిల్లని కంటుంది. ఒకటీ అరా దాటడం వేరు, రెండు ఒడ్డుల జంతువులూ తరతరాలుగా కలిసిపోవడం వేరు. నది మొదటిదాన్ని ఆపదు, రెండోదాన్ని ఆపుతుంది. గోడ కాదు, జల్లెడ అని చెప్పండి, తొమ్మిదేళ్ల పిల్లకి అర్థమవుతుంది. అందుకే హద్దుల దగ్గర కొన్ని చోట్ల రెండూ కనపడుతున్నాయి కూడా.

ఇలాంటిదే ఇంకో జంట ఉంది, మీకు నచ్చుతుంది. బ్రెజిల్ తూర్పు తీరం అడవుల్లో మెడ చుట్టూ నల్లటి పొడవాటి జూలు ఉన్న స్లాత్ ఉంటుంది. దీని మగవాటికి నారింజ మచ్చ ఉండదు, జూలే గుర్తు. చాలాకాలం దాన్ని ఒకే జాతిగా లెక్కపెట్టారు. 2022లో పరిశోధకులు పుర్రెలూ, జన్యువులూ, చర్మాలూ కలిపి చూసి అది రెండు జాతులని చెప్పారు. బహియా, సెర్జిపె రాష్ట్రాల్లోది టోర్క్వాటస్, దక్షిణాన ఎస్పిరితో శాంతో, రియో డి జనైరో రాష్ట్రాల్లోది క్రినైటస్. క్రినైటస్ అనే పేరు కొత్తగా పెట్టింది కాదు, 1850లోనే గ్రే అనే శాస్త్రవేత్త పెట్టాడు, తర్వాత ఎవరూ వాడక పక్కన పడిపోయింది. ఆ రెండిటి మధ్యా ఉన్నది రియో దోసె నది. నేను ఆ వార్త చదివిన రోజు, నేను సరిచూసిన డ్రాయర్లో జూలు స్లాత్ చీటీల మీద చోటు పేరు సరిగ్గా రాసి ఉందా అని గుర్తు తెచ్చుకోవడానికి చాలాసేపు ప్రయత్నించాను. చోటు ఉంటే ఆ చీటీకి ఇప్పుడైనా సరైన పేరు వస్తుంది. "బ్రెజిల్" అని మాత్రమే రాసి ఉంటే పుర్రె తీసి కొలవాల్సిందే.

అందుకే మీకు నా విన్నపం ఒక్కటే. చోటు రాసేటప్పుడు "సురినామ్" అని వదిలేయకండి. ఏ రోడ్డు, ఊరికి ఎంత దూరం, ఏ నెల, అన్నీ రాయండి. పనామావాటికి కూడా గంబోవా అని తప్పకుండా రాయండి. ఎందుకంటే పనామాలోనే కరీబియన్ తీరానికి 17 కిలోమీటర్ల దూరంలో ఎస్కుడో దె వెరాగ్వాస్ అని చిన్న దీవి ఉంది, అక్కడ మాత్రమే మరుగుజ్జు స్లాత్ ఉంటుంది. సుమారు 9,000 ఏళ్ల క్రితం సముద్రం పెరిగి ఆ దీవి తీరం నుంచి విడిపోయింది. అక్కడ మిగిలినవి చిన్నబడి, రెండున్నర నుంచి మూడున్నర కిలోల దగ్గర ఆగిపోయాయి. 2001లో దానికి వేరే జాతిగా పేరు పెట్టారు. మీరు చూసిన రెండు జాతులకీ ఇప్పటికి పెద్ద ముప్పు లేదు, అది మాత్రం అంతరించిపోయే అంచున ఉంది. "పనామా" అని ఒక్క మాటే ఉంటే, ఇరవై ఏళ్ల తర్వాత ఆ ఆల్బమ్ చూసేవాళ్లకి గంబోవా స్లాతో, దీవి స్లాతో తెలియదు.


మల్లెతీగ

నా దేవాంగపిల్లి ప్రశ్నకి ఓపిగ్గా జవాబు చెప్పినందుకు థాంక్స్. ఇంకొక్కటి. సురినామ్ వాళ్లు దీన్ని ఏమంటారు? వాళ్లకీ ఒక పేరుంటుంది కదా.


పాత_డ్రాయర్లు

ఉంది. అక్కడి అధికార భాష డచ్‌లో స్లాత్ అంటే లుయార్డ్. అక్కడి వాళ్లు ఇంట్లో, బజార్లో మాట్లాడుకునే స్రనన్ భాషలో స్లాత్‌ని లోయిరి అంటారు. మూడు వేళ్లది సోన్‌లోయిరి, రెండు వేళ్లది స్కాపులోయిరి. సోన్ అంటే సూర్యుడు, స్కాపు అంటే గొర్రె. రెండు వేళ్లది ఎక్కువగా రాత్రి తిరుగుతుంది, మూడు వేళ్లది పగలు కూడా కనపడుతుంది, పొద్దున ఎండలో కూర్చుంటుంది. ఓడ ఇంజినీర్ గారి ఫోటోలో మీగడ రంగు ముఖం చూశాక నాకు ఆ సూర్యుడి పేరు ఇంకా నచ్చింది.


ఓడ_ఇంజినీర్

అందరికీ మళ్లీ మళ్లీ కృతజ్ఞతలు. పాత చీటీలు తీసేసి ఇవాళ కొత్తవి అంటించాం. అక్షరాలు మా అమ్మాయివి. జల్లెడ మాట తనకి బాగా పట్టింది, వంటింట్లోంచి జల్లెడ తెచ్చి బియ్యం పోసి చూసింది కూడా. మీరు సరిచూస్తారని ఇక్కడ రాస్తున్నాను.

ఫోటో 11: గోధుమరంగు గొంతు స్లాత్, మగది (వీపు మీద మచ్చ చూడండి). పనామా, గంబోవా, సొబెరానియా పార్కు అంచు, సెక్రోపియా చెట్టు. 2017, వాన వెలిసిన తర్వాత సాయంత్రం.

ఫోటో 23: లేతరంగు గొంతు స్లాత్, సోన్‌లోయిరి. సురినామ్, పారామరిబో నుంచి జాండెరై వెళ్లే రోడ్డు. 2022 ఆగస్టు. డ్రైవర్ గారు కర్రతో చెట్టు ఎక్కించారు.

ఫోటో 24: లేతరంగు గొంతు స్లాత్. అదే రోడ్డు, అదే రోజు, ఇంకో చెట్టు. ముడుచుకుని ఉంది, నిద్రపోతోందో లేదో తెలియదు.

23లో ఆడదా మగదా అని రాయలేదు. మచ్చ లేదు కాబట్టి ఆడది అని రాద్దామంది అమ్మాయి. పెరగని మగది కూడా కావచ్చన్నారు కదా అని ఆ జాగా ఖాళీగా వదిలాం. ఊరికి ఎన్ని కిలోమీటర్లో అప్పటి ఫోన్ మ్యాప్‌లో వెతికి రేపు రాస్తాను.